విప్పిన మాత్ర మిగల్చకూడదు

1వ రోజు

ఈ చిట్టా నేను రాయడం లేదు, చెబుతున్నాను. రాసుకునేది తలుపు. మా తలుపు మామూలు తలుపు కాదు. గాలి, నీళ్లు, దీపాలు, ఇరుగుపొరుగు తగాదాలు, అన్నీ అదే చూసుకుంటుంది. "ఆరోగ్య కార్యకర్త శ్రీమతి దమయంతి గారు ప్రతిదినమును తమ నివేదికను వినిపించవలెను" అని పొద్దున్నే నా ప్రాణం తీసింది. వినిపిస్తాలేవే. నా మాటల్ని నీ గ్రాంథికంలోకి మార్చావంటే మాత్రం ఊరుకోను. అన్నది అన్నట్టు రాసుకో.

సంగతేంటంటే, ఇంకో ఇరవై రోజుల్లో నూకరాజు వేసిన పొద్దుతిరుగుడు పూస్తుంది. ఈ ఎర్రకొండ కిందికి తేనెటీగలు రాలేదు. ఉన్నది మేం, పిల్లలతో కలిపి, నలభై ఆరుగురం. అందుకని తేనెటీగల పని కూడా మేమే చెయ్యాలి. మెత్తటి గుడ్డ పట్టుకుని ఒక్కో పువ్వు మొహం తుడిచి, ఆ పుప్పొడి పక్క పువ్వుకి అద్దాలి. నాలుగు వేల పువ్వులు. ఊరంతా దిగినా పది రోజుల పని. అప్పుడు గింజలు, గింజలొస్తే నూనె. మా మూకుట్లో నూనె చుక్క పడి పదకొండేళ్లయింది. ఇక్కడ పుట్టిన పిల్లలకి గారె అంటే చిల్లు పడ్డ ఇడ్లీ అని చెప్పి నెట్టుకొస్తున్నాం.

నా భయమంతా ఆ పుప్పొడి గురించే. నాలుగేళ్ల కిందట మొదటి పంట పూసినప్పుడు, పొలం ఉన్న పెద్దగది తెరిచిన అరగంటకే నూకరాజు కుప్పకూలాడు. ఛాతీలోంచి పిల్లికూతలు, పెదాలు నేరేడుపండు రంగు. ఆయాసం పంపుతో ఎలాగో గట్టెక్కించాను. పంటని మాత్రం గట్టెక్కించలేకపోయాను. గది తెరిచిన మొదటి రెండు గంటల్లో లోపల ఎవరి ఊపిరి కూత పెట్టినా పూసిందంతా కోసెయ్యాలని ఇక్కడ నియమం. తలుపు నిమిషం కూడా ఆగకుండా కోసేసింది. మంచం మీద పడుకుని అద్దంలోంచి అదంతా చూశాడు నూకరాజు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఈసారీ అలాగే అయితే అతన్ని పొలం మాన్పించి మట్టి జల్లెడ పనికి వేస్తారట.

"అక్కా, మొక్క తప్ప నాకేం చాతకాదు. ఈసారి కోసేస్తే నన్నూ దాంతోపాటే కోసెయ్యమను" అన్నాడు నిన్న. నోర్ముయ్యమన్నాను.

అందుకే భూమి నుంచి వచ్చే ఓడలో మందు తెప్పించాను. దానికో పొడుగాటి పేరుంది, క్రోమోగ్లైకేట్. ఎవరికీ నోరు తిరక్క "ముందుమందు" అని పెట్టుకున్నాం. పొడి నింపిన గొట్టం మాత్ర. సూదితో పొడిచి, ఈలలాంటి పీకలో పెట్టి, దాన్ని నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చాలి. రోజుకి నాలుగు, రేపట్నుంచే.

2వ రోజు

వంటశాలలో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను.

"మన ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. నడుముకి కారప్పొట్లాలు కట్టుకుని తిరుగుతుంటాయి. కొందరిలో వాటికి బుర్ర తక్కువ. పుప్పొడి కనబడగానే దొంగొచ్చాడని కారం చల్లేస్తాయి. దాంతో తుమ్ములు, దురదలు, ఉబ్బసం. ఈ మందు ఆ పొట్లాలకి ముడి వేస్తుంది. చల్లేశాక ముడి వేస్తే ఒరిగేదేం లేదు. అందుకే ముందే, రోజూ వాడాలి. ఒంట్లో కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తెలిసిందా?"

తెలిసిందన్నారు. మా అధ్యక్షుడు కోటిలింగం గారు లేచి నిలబడ్డారు. ఆయన లేచారంటే కూర్చోవడానికి గంట పడుతుంది.

"అంటే జబ్బు లేనప్పుడు మందు వాడాలన్నమాట."

"అవునండీ."

"జబ్బొచ్చినప్పుడు వాడకూడదన్నమాట."

"వాడినా అప్పుడు లాభం లేదండీ. ఆయాసం వచ్చాక కావలసింది పంపు. పంపులు మన దగ్గర రెండే ఉన్నాయి. మళ్లీ ఓడ వచ్చేది పద్నాలుగు నెలలకి."

"అద్భుతం" అని చప్పట్లు కొట్టారు. ఏం అర్థమైందో ఆ పైవాడికే తెలియాలి.

వరసలో నిలబెట్టి మనిషికి నాలుగు చొప్పున పంచాను. నాది తర్వాత చూసుకోవచ్చు. వడ్డించే చెయ్యి ఆఖర్న తినాలని మా అమ్మ నేర్పింది.

4వ రోజు

ఈ రోజంతా చింతపండే. వంటశాల చూసే వరహాలత్త కళ్లజోడు పెట్టుకోకుండా ఉప్పు పొట్లం అనుకుని రెండు కిలోల చింతపండు పొట్లం విప్పేసింది. ఇక్కడి దుమ్ము సంగతి తెలిసిందే. విప్పింది పూటలోపు తినెయ్యాలి, మర్నాటికి అది మట్టే. విప్పింది మిగల్చడం కంటే పెద్ద పాపం ఈ ఊళ్లో లేదు. పొద్దున చారు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం చింతపండు పానకం. నూనె లేని పులిహోర ఎలా ఉంటుందో తిన్నవాడికే ఎరుక. కోటిలింగం గారు కళ్లమ్మట నీళ్లు పెట్టుకుంటూ మూడోసారి వడ్డించుకున్నారు. అధ్యక్షుడు కదా, మిగిల్చితే పరువు పోతుంది.

మందు పంపిణీ సవ్యంగా జరిగింది. నలభై ఐదుగురూ వచ్చి పట్టుకెళ్లారు. నాది తర్వాత.

8వ రోజు

ముందుమందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఊరంతా ఒకటే మాట. "ఆ మందు మొదలెట్టిన కాణ్నుంచీ ఒక్క తుమ్ము లేదమ్మాయ్" అంది వరహాలత్త. పువ్వు పుయ్యకుండా తుమ్మెందుకొస్తుంది అత్తా అన్నాను. "అదే మరి మందు మహిమ" అంది.

కోటిలింగం గారికి మోకాళ్ల నొప్పి కూడా తగ్గిందట. సంతోషం.

నూకరాజు దగ్గరికి వెళ్లాను. మొగ్గలు పిల్లాడి పిడికిలంత అయ్యాయి. పట్టాల మీద అటూ ఇటూ నడిచే దీపం వెంటే నాలుగు వేల తలకాయలూ తిరుగుతున్నాయి. దీపం చివరిదాకా వెళ్లి టక్కున వెనక్కొస్తే అవి పాపం కాసేపు తికమకపడతాయి. "మందు వాడుతున్నావా తమ్ముడూ?" అని అడిగాను. "మీరిచ్చింది ఒక్కటి కూడా పారెయ్యలేదక్కా" అన్నాడు. బంగారంలాంటి మనిషి.

12వ రోజు

తలుపూ, ఇవాళ నేను తిట్టే తిట్లు రాయకు. రాసినా ఎవరికీ చూపించకు.

జీలకర్ర అప్పడిగి తెచ్చుకుందామని వరహాలత్త ఇంటికి వెళ్లాను. ఆవిడ స్నానానికెళ్తూ "అరలో ఉంది తీసుకో" అంది. అరలో రెండు డబ్బాలున్నాయి. నేను తెరిచింది ఆపద డబ్బా. ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలి కదా, కట్టుగుడ్డ, అగ్గిపుల్ల, నీళ్ల బిళ్లలు వేసుకోవడానికి. అందులో, వాటి పక్కనే, పదేసి కట్టలుగా దారంతో కట్టి, ముందుమందు. లెక్కపెట్టాను. నలభై నాలుగు. పదకొండు రోజులకి నాలుగు చొప్పున ఇచ్చినవన్నీ. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు.

ఆవిడ జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. ముసిముసి నవ్వు కూడా నవ్వింది.

"చూశావా, ఎంత పొందిగ్గా దాచానో. ఒక్కటి వేస్టు చెయ్యలేదు."

"అత్తా! ఇవి పీల్చడానికిచ్చాను, పోగెయ్యడానికి కాదు!"

"పీలుస్తానమ్మా. అవసరం రానీ. నిక్షేపంలా ఉన్నదాన్ని, ఇప్పుడెందుకు మందు తగలెయ్యడం? అయినా నా కోసమా ఇదంతా? రేపు గది తెరిచాక మన నూకరాజుకి ఊపిరాడకపోతే ఇవన్నీ తీసుకెళ్లి వాడికే ఇద్దామని."

చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో అదే డబ్బా, అవే కట్టలు, అదే మాట, నూకరాజుకి పనికొస్తాయని. కోటిలింగం గారైతే సీసాలో పోసి "ఆపత్కాలానికి" అని చీటీ అంటించారు. ఆ మోకాళ్ల నొప్పి మరి దేనికి తగ్గిందో. ఇంత మంచి జనాన్ని ఏం చేసుకోవాలో, ఎలా తిట్టాలో తెలియక దారిలో నిలబడి ఏడ్చినంత పని చేశాను.

ఆఖర్న నూకరాజు దగ్గరికి వెళ్లాను. అతను డబ్బా తెరిచి చూపించాడు. నలభై నాలుగు.

"నువ్వు కూడానా నాయనా!"

"ఉబ్బసం నా ఒక్కడికే వస్తుందాండీ?" కంగారొస్తే అతనికి అండీలు వచ్చేస్తాయి. "ఈసారి గదిలోకి ఊరంతా వస్తారు. పిల్లలుంటారు. వాళ్లకేమైనా అయితే ఇవ్వడానికి ఉంటాయని."

"ఒరే నాయనా, అయ్యాక ఇస్తే పనిచెయ్యదురా! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పువ్వు తొమ్మిది రోజుల్లో పూస్తుంది. మందు కుదరడానికి కనీసం పదిహేను రోజులు కావాలి. గదిలో అడుగుపెట్టగానే పడిపోయేది నువ్వే!"

అతను డబ్బాకేసి చూశాడు. తర్వాత అద్దంలోంచి మొగ్గలకేసి చూశాడు. ఆ మొహం చూడలేక వచ్చేశాను.

13వ రోజు

నూకరాజు పొద్దున్నే వచ్చాడు. రాత్రి పడుకున్నట్టు లేడు.

"పువ్వుని పది రోజులు ఆపగలను. దీపం సగం చేసి, గది చల్లబరిస్తే మొగ్గ నిదానిస్తుంది. మరీ చల్లబడితే మాడిపోతుంది. అక్కడే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి."

"కూర్చుంటావా?"

"ఇంకేం పనుందక్కా నాకు?"

దీపం తగ్గించాలంటే తలుపు ఒప్పుకోవాలి.

"దీపము తగ్గించుటకు కారణమేమి?" అంది.

"మా జనం బుద్ధి."

"ఆ పేరు గల కారణము జాబితాలో లేదు."

"ఏముంది జాబితాలో?"

"భూకంపము, అగ్నిప్రమాదము, దీపపు మరమ్మత్తు."

కొడవలి పిడి తీసుకెళ్లి దీపం పట్టా మీద రెండు దెబ్బలేశాను. కిర్రుమంది. "మరమ్మత్తు" అన్నాను. తలుపు రాసుకుంది. ఇది చిట్టాలోకి ఎక్కుతోందని నాకు తెలుసు. ఎక్కనీ.

14వ రోజు

పది రోజులు దొరికాయి సరే, వీళ్ల చేత మింగించడం, అదే, పీల్పించడం ఎలా? నిన్నంతా చెప్పాను. బతిమాలాను, భయపెట్టాను. అందరూ తలలూపారు. సాయంత్రం డబ్బాలు చూస్తే నలభై ఎనిమిది. ఇంకో నాలుగు చేరాయి. తరతరాలుగా ఒంటికి పట్టిన బుద్ధి, ఉపన్యాసంతో పోతుందా?

పొద్దున అట్టు వేస్తూ ఆలోచిస్తుంటే, అంటే పెనానికి అంటుకున్న అట్టు గోకుతుంటే, చింతపండు గుర్తొచ్చింది. కోటిలింగం గారి కన్నీళ్లు గుర్తొచ్చాయి. గరిట అక్కడే పడేసి సూది పట్టుకుని బయల్దేరాను.

వరసలో మొదట వరహాలత్త. చెయ్యి చాపింది. మాత్ర చేతిలో పెట్టే ముందు సూదితో టక్కున పొడిచాను.

"అయ్యో అయ్యో! ఏంటే ఆ పని! విప్పేశావు!"

"విప్పేశాను."

"ఇప్పుడిదేం చెయ్యను?"

"నీ ఇష్టం అత్తా. దాచుకుంటావో, రేపటికి మట్టి చేసుకుంటావో."

పాపం, ఆవిడ చేతిలో నిప్పు పెట్టినట్టు గిలగిల్లాడింది. వెనకాల జనమంతా చూస్తున్నారు. గబుక్కున పీకలో పెట్టుకుని ఊపిరంతా పీల్చేసింది. దగ్గింది, నీళ్లు తాగింది, నన్నో తిట్టు తిట్టింది. ఆ వెనక నలభై నాలుగు మాత్రలూ పొడిచాను, నలభై నాలుగు తిట్లూ తిన్నాను. ఒక్క మాత్ర మిగల్లేదు!

రోజుకి నాలుగు సార్లు ఇదే తంతు. దాచినవన్నీ వెనక్కి లాక్కున్నాను. మొత్తం నేనే పొడిచి ఇస్తాను. నాది తర్వాత. ముందు వీళ్లది అవ్వనీ.

20వ రోజు

వేళ్లు సూదిపోట్లతో జల్లెడయ్యాయి. నూకరాజు దుప్పటి కప్పుకుని మొగ్గల మధ్య కూర్చున్నాడు. నేను వెళ్లి పొడిచిస్తే మారు మాట్లాడకుండా పీలుస్తాడు. ఒక మొగ్గ అంచు మాడిందని చూపించాడు, పిల్లాడికి జ్వరమొచ్చినట్టు చెప్పాడు. "మిగతావి బాగానే ఉన్నాయి కదా" అన్నాను. "ఉన్నాయక్కా. అదొక్కటే భయపడిపోయింది" అన్నాడు.

మీరు వాడుతున్నారా అని అడిగాడు. ఆఁ ఆఁ అన్నాను. ఇతని పని అయ్యాక పిల్లల దగ్గరికి పరిగెత్తాలి మరి. వాళ్ల పని అయ్యేసరికి మళ్లీ మొదటివాళ్లకి వేళవుతుంది.

31వ రోజు

పెద్దగది తెరిచాం.

పసుపు రంగు అంత ఒక్కచోట నేను ఎన్నడూ చూడలేదు. పిల్లలు నోళ్లు తెరిచి నిలబడిపోయారు. అందరి చేతుల్లో గుడ్డలు. తలుపు మైకులో చెప్పింది: "రెండు గంటల శ్వాస పరిశీలన ఆరంభము. లోపల ఏ ఊపిరియైనను కూత పెట్టినచో కోత ఆరంభింపబడును."

నూకరాజు అందరికంటే ముందు నడిచాడు. మొదటి పువ్వు దగ్గర ఆగి, గుడ్డ అద్ది, లోపలికి గాలి పీల్చాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది, ఇంకో రకంగా. అతను వదిలాడు. మళ్లీ పీల్చాడు. కూత లేదు. "అక్కా, వాసనొస్తోంది" అన్నాడు. "నాలుగేళ్ల కిందట వాసన కూడా తెలియలేదు." నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నీళ్లు తిరిగాయనుకున్నాను గానీ, ఆగలేదు. ముక్కు కూడా కారింది. గొంతులో గరగర. ఛాతీ మీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టైంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా బుర్రకి తట్టింది. ముప్ఫై రోజుల్లో నేను ఒక్క మాత్ర పీల్చలేదు. తర్వాత, తర్వాత అనుకున్నాను. ఆ తర్వాత అనేది రానే లేదు. మొదట్నుంచీ ఊరంతటికీ శ్రీరంగనీతులు చెప్పిన దాన్ని!

గడియారం చూశాను. నలభై నిమిషాలే అయింది. లోపల గొంతు కూత పెట్టడానికి సిద్ధంగా ఉంది. అది బయటికొస్తే నాలుగు వేల పువ్వులూ పోతాయి, నా వల్ల, నా ఒక్కదాని వల్ల. ముక్కూ నోరూ రెండు చేతులతో మూసుకుని గుమ్మం వైపు పరిగెత్తాను. వరహాలత్త "ఏమ్మాయ్, అంత అర్జెంటా?" అంటోంది. మాట్లాడితే చచ్చాను. గుమ్మం దాటి, వసారా దాటి, నా ఆసుపత్రి గదిలో పడి, అప్పుడు వదిలాను.

పిల్లికూత కాదది, పులికూత. పంపు వెతుక్కుని రెండుసార్లు కొట్టుకున్నాను. పావుగంటకి తెరిపిన పడ్డాను.

"శ్రీమతి దమయంతి గారు" అంది తలుపు. "మీ ఊపిరి కూత వినిపించినది."

కోత చప్పుడు వస్తోందేమోనని చెవులు రిక్కించాను.

"అయినను అది పెద్దగది వెలుపల వినిపించినది. నియమము లోపలి ఊపిరులకు మాత్రమే వర్తించును. పరిశీలన కొనసాగుచున్నది."

నీ గ్రాంథికం చల్లగుండ. ముద్దు పెట్టుకోవాలనిపించింది, కానీ ఎక్కడని పెట్టను?

రెండు గంటలూ గడిచాయి. సంతోషం కేకలు ఇక్కడిదాకా వినిపించాయి.

32వ రోజు

అందరూ పొలంలో, నేను అద్దం ఇవతల. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. పొద్దున ఏడింటికి నూకరాజు వచ్చాడు. ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని, పుప్పొడి రేణువు లేకుండా వచ్చాడు. చేతిలో నా సూది.

"మీ డబ్బా చూశానక్కా."

నేను తల తిప్పుకున్నాను. ఆపద డబ్బా కాదులే, నా బల్ల సొరుగు. నూట ఇరవై నాలుగు మాత్రలు, నా వంతువి, చెక్కు చెదరకుండా.

"నేను దాచలేదు తమ్ముడూ. తీరలేదు, అంతే. అందరిదీ అయ్యాక..."

"మేమూ అదే అన్నాం కదక్కా. మీరేం తిట్టారో గుర్తుందా?"

టక్కున పొడిచాడు. చేతిలో పెట్టాడు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పీల్చాను. గొంతులో పొడి గరగరలాడి దగ్గొచ్చింది. నీళ్లు కూడా అతనే ఇచ్చాడు. రోజుకి నాలుగు సార్లు, పొలం పని ఆపుకుని, ఒళ్లు కడుక్కుని వస్తానని చెప్పి వెళ్లాడు.

79వ రోజు

ఇవాళ వంటశాలలో మూకుడు పెట్టారు.

నా ఒంట్లో మందు ఎప్పుడో కుదిరింది. నిన్న గింజలు కొట్టే చోట సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక్క తుమ్ము లేదు. మందు మహిమ అని వరహాలత్తతో అంటే, ఈసారి ఆవిడ నవ్వింది.

మినప్పిండి రుబ్బి, చేతి మీద తట్టి, వేలితో చిల్లు పెట్టి, నూనెలోకి జారవిడిచింది. చుయ్‌మంది. ఆ చప్పుడుకి పిల్లలు బల్లల కింద దూరారు. కోటిలింగం గారు కళ్లు తుడుచుకున్నారు, చింతపండు లేకుండానే.

నేను అలవాటుగా పళ్లెం అందుకున్నాను, అందరికీ వడ్డిద్దామని. వరహాలత్త లాక్కుంది. "కూర్చో" అంది. నలభై ఐదు మంది కూర్చుని నా వంకే చూస్తున్నారు. ఒక్కరూ తినరు.

"మీరు కానివ్వండి. నాది తర్వాత..." అన్నాను.

నూకరాజు లేచాడు. పళ్లెంలోంచి మొదటి గారె తీశాడు. పొగలు కక్కుతోంది. వేళ్లు కాలుతున్నా రెండుగా విరిచి, రెండు ముక్కలూ నా చేతిలో పెట్టాడు.

"విరిచేశానక్కా. ఇంక మిగల్చకూడదు."

తిన్నాను.